కీమో తర్వాత ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే షాక్ కొడుతోంది. చల్లదనం నొప్పిగా ఎందుకు మారింది?

గోదారిపిల్ల
మా నాన్నకి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కీమో మొదలుపెట్టారు. ఆక్సాలిప్లాటిన్ అనే మందు సెలైన్‌లో ఎక్కిస్తారు, ఇంకోటి చిన్న పంపులో పెట్టి ఇంటికి పంపిస్తారు. ఇంటికొచ్చిన రాత్రే ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీయబోయి చటుక్కున వదిలేశారు. వేళ్లల్లో సూదులు దింపి కరెంటు పెట్టినట్టు ఉందన్నారు. మర్నాడు పొద్దున్నే కుండలో నీళ్లు తాగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరాడట్లేదని ఒకటే కంగారు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే "చల్లనివి తగలనివ్వకండి, మామూలే" అని పెట్టేశారు. మామూలే అంటే ఏం అర్థం చేసుకోవాలి? బయట రాజమండ్రి ఎండ మండిపోతుంటే మా నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నారు. చల్లగా ఉండాల్సింది నొప్పిగా ఎలా మారుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మా పిన్ని మాత్రం "వేడి మందు, వేడి చేసింది" అని తేల్చేసింది.

చలిమంట_శీను
పిన్నిగారు చెప్పింది కరెక్టే. కీమో అంటే ఒళ్లంతా వేడే. సబ్జా నీళ్లు, బార్లీ బాగా చల్లగా చేసి ఇవ్వండి, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది.

డేకేర్_సిస్టర్
శీనుగారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఆ మందు ఎక్కించుకున్నవాళ్లకి చల్లగా ఏదీ ఇవ్వకూడదు. నేను కీమో డేకేర్‌లోనే పనిచేస్తాను. వేరే కొన్ని కీమోలకి నోరు పూయకుండా ఐసు ముక్కలు చప్పరించమంటాం, ఈ మందుకి మాత్రం ఐసు దగ్గరికే రానివ్వం.

గోదారిపిల్లగారూ, ఇది ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవాళ్లలో చాలామందికి వస్తుంది. ఎక్కించిన గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మొదలై, కొన్ని రోజుల్లో తగ్గి, మళ్లీ డోసుకి మళ్లీ వస్తుంది. చేతివేళ్లు, పాదాలు, పెదాల చుట్టూ, గొంతు. గొంతు బిగిసినప్పుడు ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. చాలాసార్లు అది అనిపించడమే, గాలి దారి మూసుకుపోదు. గోరువెచ్చని నీళ్లు ఒక్కో గుక్క తాగిస్తే, ముక్కు నోరు గుడ్డతో కప్పి గాలి పీల్పిస్తే సడలుతుంది. అయితే ఈల వేసినట్టు శబ్దం వచ్చినా, దద్దుర్లు, ముఖం వాపు ఉన్నా అది అలర్జీ కావచ్చు, ఆ రాత్రికి రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. ఈ సంగతి తర్వాతి డోసుకి ముందు డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. గొంతు ఇబ్బంది ఉన్నవాళ్లకి 2 గంటల్లో ఎక్కించేది 6 గంటలకి సాగదీసి ఎక్కించే పద్ధతి ఉంది.

ఫ్రిజ్‌లోంచి తీసే పని ఇంట్లో వేరేవాళ్లకి అప్పగించండి.

గోదారిపిల్ల
సిస్టర్‌గారూ, ఆ ఫోన్‌లో ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే మేం ఆ రాత్రి నిద్రపోయేవాళ్లం. దద్దుర్లు, వాపు ఏమీ లేవు. నాన్న ఇంజనీరు, కారణం తెలిస్తే గానీ ఊరుకోరు. "ఫ్రిజ్ 4 డిగ్రీలు, నిన్నా 4, ఇవాళా 4. మారింది నేనే, నాలో ఏం మారింది?" అని అడుగుతున్నారు.

నరం_లేని_నాలుక
న్యూరాలజీ పీజీ చేస్తున్నా. మీ నాన్నగారి ప్రశ్న మా ప్రొఫెసర్ వేసే ప్రశ్నలా ఉంది. కొంచెం పొడుగు సమాధానం, ఓపిక పట్టండి.

చర్మం కింద సన్నటి నరాల కొసలు పరుచుకుని ఉంటాయి. వాటిలో కొన్నింటి పొర మీద ట్రిప్‌ఎం8 అనే ప్రోటీన్ ఉంటుంది. చర్మం మామూలుగా 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది సుమారు 26కి, ఇంకా కిందికి దిగితే ఈ ప్రోటీన్ ఆకారం మార్చుకుని తెరుచుకుంటుంది. సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూకుతాయి. కొస దగ్గర వోల్టేజి మారుతుంది. అక్కడి నుంచి వేరే సోడియం ఛానెళ్లు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటూ సిగ్నల్‌ని పైకి మోసుకుపోతాయి.

ఆ నరం తాలూకు కణం వేలిలో ఉండదు, వెన్నెముక పక్కన ఉండే ముడిలో ఉంటుంది. ముఖానిదైతే ట్రైజెమినల్ ముడిలో. సిగ్నల్ వెన్నుపాము వెనకభాగంలోకి వెళ్లి, అక్కడ రెండో కణానికి అందుతుంది. ఆ రెండో కణం తోక అవతలి పక్కకి దాటి పైకి ఎక్కి మెదడులోని థాలమస్ చేరుతుంది. అక్కడి నుంచి ఇన్సులా అనే మెదడు మడత. "చల్లగా ఉంది" అని మనకి తెలియడంలో ఆ మడతది పెద్ద పాత్ర. ఇంకో శాఖ హైపోథాలమస్ వైపు పోతుంది. వణుకు పుట్టించడం, చర్మంలో రక్తనాళాల్ని బిగించడం దాని పని. దానికి మన అభిప్రాయంతో పనిలేదు.

ఇప్పుడు ఆక్సాలిప్లాటిన్. నరం పొడుగునా ఉండే ఆ సోడియం ఛానెళ్లు ఒక్కసారి తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. ఈ మందు ఉంటే మూసుకోవడం ఆలస్యమవుతుంది, చలి తగిలితే ఇంకా ఆలస్యం. గడియ సరిగా పడని తలుపు గాలికి టపటపా కొట్టుకున్నట్టు, ఒక్క సిగ్నల్ వెళ్లాల్సిన చోట వరసగా బోలెడు వెళ్తాయి. స్పర్శ నరాల్లోనూ, కండరాలకి వెళ్లే నరాల్లోనూ ఇదే జరుగుతుంది. అందుకే సూదులు, షాకు, గొంతు, దవడ బిగియడం. ఫ్రిజ్ 4 డిగ్రీలే. వేలి నుంచి పోయే వార్త మాత్రం పదింతలు పెద్దదై పోతోంది.

తాటిముంజ
కండరాల నరాలు కూడానా? ఓహో, అందుకే మా బాబాయికి చల్లగాలి తగిలితే దవడ పట్టేసేది. మేమేమో ధనుర్వాతం అనుకుని భయపడి చచ్చాం.

రామప్ప_రాయి
@నరం_లేని_నాలుక, సోడియం ఛానెళ్ల మీదే అంతా తోసేయకండి. నాది ఫార్మా రీసెర్చ్. ఎలుకల్లో చూస్తే ఈ మందు నరాల కొసల్లో ఉండే ట్రిప్‌ఏ1 అనే ఇంకో ప్రోటీన్‌ని అతిసున్నితం చేస్తుంది. ట్రిప్‌ఎం8 పాత్ర ఉందన్న పేపర్లూ ఉన్నాయి. కొస దగ్గరే గొడవ మొదలైతే మధ్యలో తీగని తప్పుపట్టడం ఏం న్యాయం?

నరం_లేని_నాలుక
ట్రిప్‌ఏ1 సంగతి ఒప్పుకుంటా. అయితే మనుషుల నరాల రికార్డింగుల్లో కనిపించేది అక్షతంతువు, అంటే మీరన్న ఆ తీగ, ఆగకుండా కొట్టుకోవడమే, కండరాల్లో కూడా. కండరానికి వెళ్లే నరానికి చలి కొస ఎక్కడిది? రెండూ కలిసే జరుగుతున్నాయంటే నాకు అభ్యంతరం లేదు.

రామప్ప_రాయి
సరే, అక్కడికి రాజీ.

డేకేర్_సిస్టర్
మీ ఇద్దరి పుణ్యమా అని ఒక మాట. కాల్షియం మెగ్నీషియం ఎక్కిస్తే ఇది రాదని ఇప్పటికీ కొందరు పేషెంట్ల తాలూకు వాళ్లు వచ్చి అడుగుతారు. ఒకప్పుడు ఇచ్చేవాళ్లం. 2014లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో ఉపయోగం ఏమీ కనపడలేదు. ఇంటర్నెట్‌లో పాత వీడియోలు చూసి పట్టుబట్టకండి.

ఫిజిక్స్_మాస్టారు
ఇంజనీరుగారికి నా వంతు. చల్లదనం అనే పదార్థం ఏదీ లోపలికి రాదు, వేలిలోంచి వేడి బయటికి పోతుంది అంతే. నరం కొలిచేది తన చుట్టూ ఉన్న చర్మం ఎంత చల్లబడిందో, ఎంత త్వరగా చల్లబడిందో. గదిలో రాత్రంతా పడున్న స్టీలు గ్లాసూ చెక్క గరిటే ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. ముట్టుకుంటే స్టీలు చల్లగా ఉంటుంది, ఎందుకంటే వేడిని లాగేసుకుంటుంది. కాబట్టి ఇంట్లో స్టీలు గ్లాసులు, స్టీలు కుళాయి, తలుపు గొళ్లెం ఇవన్నీ నాన్నగారికి శత్రువులే. ఫ్రిజ్ ఒక్కటే కాదు. ప్లాస్టిక్ మగ్గు, చెక్క గరిటె వాడమనండి. కుళాయికి పాత టవల్ ముక్క చుట్టండి.

ఇంకో పాత ముచ్చట. ఒక చెయ్యి వేడినీళ్లలో, ఒకటి చల్లనీళ్లలో ఉంచి, తర్వాత రెండూ గోరువెచ్చని నీళ్లలో పెడితే ఒకే నీళ్లు ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వేడిగా ఉంటాయి. ఒకే నీళ్లు ఇలా రెండు చేతులకి రెండు రకాలుగా తోచే సంగతి జాన్ లాక్ 1690లోనే రాశాడు. నా తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా చేస్తారు, ఏటా కనీసం ఒక బకెట్ తన్నేస్తారు.

గోదారిపిల్ల
మాస్టారూ, ఆ కుళాయి సంగతి మాకు తట్టనే లేదు! నాన్న పొద్దున్నే ముఖం కడుక్కోవడానికి ఎందుకు జంకుతున్నారో ఇప్పుడు అర్థమైంది. నీళ్లు వెచ్చగా పెట్టి ఇస్తున్నాం, కుళాయి మాత్రం ఆయనే కట్టేస్తున్నారు.

మిన్నెసోటా_మూర్తి
మీరంతా ఫ్రిజ్ అంటున్నారు, నేను ఏడాదిలో నాలుగు నెలలు ఫ్రీజర్‌లోనే ఉంటాను. మైనస్ 25లో కారు అద్దం మీద ఐసు గీకుతుంటే మొదట వేళ్లు భరించలేనంత నొప్పి. తర్వాత మొద్దుబారతాయి. ఇంకాసేపటికి ఉన్నట్టుండి ఎర్రబడి వెచ్చగా అవుతాయి, మళ్లీ చల్లబడతాయి. ఇదేం సర్కస్?

నరం_లేని_నాలుక
సర్కస్ కాదు మూర్తిగారూ, 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ డాక్టరు దీని గురించి రాశాడు. చలికి వేలిలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. మరీ చల్లబడ్డాక అవి పట్టు వదిలేస్తాయి, వెచ్చని రక్తం వస్తుంది, మళ్లీ బిగుసుకుంటాయి. అలా దశలవారీగా నడుస్తుంది.

నొప్పి సంగతి వేరు. చలికి నరాలు నెమ్మదిస్తాయి, స్పర్శ నరాలు పనిచేయడం మానేస్తాయి, అదే మొద్దుబారడం. కానీ నొప్పి నరాల్లో నేవ్1.8 అనే సోడియం ఛానెల్ ఉంది. మిగతావి చలికి మొరాయించినా ఇది పనిచేస్తూనే ఉంటుంది. 2007లో తేలిన సంగతి ఇది. అందుకే సూది తగిలినా తెలియని వేలికి చలి నొప్పి మాత్రం తెలుస్తుంది. ఆ నొప్పి కూడా ఆగిపోయి, చర్మం తెల్లగా మైనంలా అయిందంటే సంతోషించకండి, లోపలికి పరిగెత్తండి. మంచుకాటు అక్కడే మొదలవుతుంది.

మిన్నెసోటా_మూర్తి
మా ఆవిడకి ఈ పోస్టు చూపిస్తున్నా. కారు లోపల పెట్టుకునే గరాజ్ కొందామని మూడేళ్లుగా పోరుతున్నా.

తాటిముంజ
నాదో డౌటు. మా అమ్మమ్మ పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం సీసాలో వేసి మూత పెట్టేది. కాసేపటికి మూడూ కరిగి నీళ్లయ్యేవి. అమృతధార. తలనొప్పికి కణతలకి రాస్తే జిల్లుమనేది. చల్లదనం అంటే వేడి బయటికి పోవడం అని మాస్టారు అన్నారు. ఆ చుక్క రాస్తే వేడి ఎక్కడికి పోతోంది? ఆవిరై పోవడమేనా?

ఫిజిక్స్_మాస్టారు
ఆవిరి వల్ల కొంత చల్లబడుతుంది. కానీ అంత చిన్న చుక్కకి అంతసేపు జిల్లుమనడం ఆవిరి లెక్కకి అందదు. ఇక్కడ నేను పక్కకి తప్పుకుని డాక్టరుగారికి మైకు ఇస్తున్నా.

నరం_లేని_నాలుక
పుదీనా పువ్వు అంటే మెంథాల్. అది నేరుగా ట్రిప్‌ఎం8కి అతుక్కుని, చలి లేకుండానే దాన్ని తెరుస్తుంది. చర్మం 32లోనే ఉంటుంది, నరం మాత్రం చల్లగా ఉందని కబురు పంపుతుంది. మెదడుకి సరిచూసుకునే దారి లేదు, నమ్మేస్తుంది.

అసలు ఈ ప్రోటీన్ దొరికిందే మెంథాల్ పుణ్యమా అని. 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ ల్యాబ్ మిరపకాయలోని క్యాప్సైసిన్‌ని పట్టుకుని వేడి నొప్పికి ప్రోటీన్ కనుక్కుంది. అది సుమారు 43 డిగ్రీలకి తెరుచుకుంటుంది. 2002లో అదే ల్యాబ్, ఇంకోపక్క స్క్రిప్స్‌లో ఆర్డెమ్ పటపూటియన్ ల్యాబ్, విడివిడిగా మెంథాల్ ఆసరాతో చలిది పట్టుకున్నాయి. 2007లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలకి వెచ్చని గచ్చు, చల్లని గచ్చు ఇస్తే రెండింటి మీదా దాదాపు ఒకేలా తిరిగాయి. జూలియస్, పటపూటియన్ ఇద్దరికీ కలిపి 2021 నోబెల్ వచ్చింది. పటపూటియన్‌కి వేడి, చలితో పాటు స్పర్శ ప్రోటీన్లకి కూడా. నోబెల్ వాళ్లు ఫోన్ చేస్తే ఆయన ఫోన్ సైలెంట్‌లో ఉంది. వాళ్ల నాన్నని పట్టుకుని కబురు చెప్పారు, ఆ నాన్నకి అప్పుడు 94 ఏళ్లు.

చలిమంట_శీను
మిరపకాయ వేడి, పుదీనా చలి. అయితే మిర్చిబజ్జీ తిని పిప్పరమెంటు బిళ్ల వేసుకుంటే లెక్క సున్నా కదా?

నరం_లేని_నాలుక
రెండింటికీ తలుపులు వేరు శీనుగారూ, సున్నా అవదు. మంట కొంచెం మరుగున పడొచ్చు. తమాషా ఏంటంటే, చలి కబురు మామూలుగా మంట కబురుని అణచి ఉంచుతుంది. గోరువెచ్చని కడ్డీ ఒకటి, చల్లని కడ్డీ ఒకటి పక్కపక్కన వరసగా పేర్చి చెయ్యి పెడితే, ఏ కడ్డీ విడిగా కాలదు గానీ అన్నీ కలిసి కాలినట్టు మంట పుడుతుంది. 1896లో థన్‌బర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త చూపించాడు. వేడీ చలీ కలిస్తే సమానం అవుతాయన్న మీ లెక్క అక్కడే బోల్తా పడింది.

చలిమంట_శీను
ఈ చర్చలో నా లెక్కలకి విలువ లేదని అర్థమైంది 😄 అయినా అడుగుతా. జ్వరం వచ్చినప్పుడు ఒళ్లు కాలిపోతుంటే చలెందుకు వేస్తుంది? మూడు దుప్పట్లు కప్పినా?

రామప్ప_రాయి
అది చర్మం తప్పు కాదు. ఇన్ఫెక్షన్ వస్తే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం హైపోథాలమస్‌లో ఉండాల్సిన ఉష్ణోగ్రతని పైకి జరుపుతుంది. ఉండాల్సింది 39 అనుకుంటే 37.5 కూడా చలే. పారాసిటమాల్ ఆ రసాయనాన్ని తగ్గిస్తుంది, గురి కిందికి దిగుతుంది, చెమట పడుతుంది. కీమోలో ఉన్నవాళ్లకి జ్వరం వస్తే మాత్రం మాత్ర వేసి ఊరుకోకూడదు. సిస్టర్‌గారు చెప్తారు.

డేకేర్_సిస్టర్
100.4 ఫారిన్‌హీట్ వస్తే వెంటనే ఆస్పత్రి. రాత్రా పగలా చూడొద్దు.

పన్నుపోటు
డెంటిస్టుని, నన్ను వదిలేశారేంటి. ఐస్‌క్రీమ్ కొరికితే పన్ను జివ్వుమనడం కూడా ఇదే కుటుంబం కథ, కానీ ప్రోటీన్ వేరు. పంటి లోపల డెంటిన్ తయారుచేసే ఓడొంటోబ్లాస్ట్ అనే కణాలున్నాయి. వాటిలో ట్రిప్‌సీ5 అనేది చలిని పట్టుకుంటుందని 2021లో ఎలుకల్లో చూపించారు. పుచ్చిన మనుషుల పళ్లలో అది ఎక్కువగా ఉంది. లవంగ నూనెలోని యూజినాల్ దాన్ని అడ్డుకుంటుంది. పోటు పుడితే పంటి కింద లవంగం పెట్టుకునే మన అలవాటుకి ఇన్నాళ్లకి ఒక కారణం దొరికింది. లవంగం పుచ్చుని పూడ్చదు, ఆ సంగతి మర్చిపోయి ఆర్నెల్ల తర్వాత వస్తారు మా దగ్గరికి.

తాటిముంజ
ట్రిప్‌ఎం8, ట్రిప్‌ఏ1, ట్రిప్‌సీ5. ఇంకెన్ని ట్రిప్పులున్నాయి బాబూ?

నరం_లేని_నాలుక
ట్రిప్ కానిది కూడా ఒకటి చేరింది. ట్రిప్‌ఎం8 లేని ఎలుకలు కూడా మరీ గడ్డకట్టే చలికి స్పందిస్తూనే ఉండేవి, అదెలాగో ఏళ్ల తరబడి తెగలేదు. 2024లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు గ్లూకే2 అనేదాన్ని చూపించారు. మెదడులో నరం నుంచి నరానికి కబురు అందించేదని దానికి పేరు, చర్మం నరాల్లో చలి పని చేస్తోంది. అది తీసేస్తే ఎలుకకి చల్లదనం తెలుస్తుంది, గట్టి చలి తెలియడం తగ్గిపోతుంది.

షుగర్_సుబ్బయ్య
మీ అందరికీ చలి ఎక్కువ తెలిసి బాధ. నాకు తెలియక బాధ. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మొన్న వేసవిలో గుడిలో మధ్యాహ్నం ప్రదక్షిణలు చేశాను. అందరూ కాళ్లు కాలి గెంతుతూ తివాచీ మీదికి పోతుంటే నాకేం అనిపించలేదు, భక్తి అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే రెండు అరికాళ్లూ బొబ్బలు. మానడానికి రెండు నెలలు పట్టింది.

నరం_లేని_నాలుక
సుబ్బయ్యగారూ, వేడినీ చలినీ మోసేవి అన్నింటికంటే సన్నటి నరాలు. పైన కొవ్వు పొర కొన్నింటికి పల్చగా ఉంటుంది, కొన్నింటికి అసలే ఉండదు. షుగర్ ముందు వాటినే తింటుంది, అదీ పొడవైనవి ముందు, అంటే పాదాలవి. దూది పెడితే తెలుస్తుంది, మోనోఫిలమెంటు అనే నైలాను పోగు గుచ్చితే తెలుస్తుంది, వేడి తెలియదు. బకెట్‌లో నీళ్లు కాలితో చూడకండి, మోచేత్తో చూడండి. గుడి బయట చెప్పులు వదిలితే మేజోళ్లతో వెళ్లండి, దేవుడేం అనుకోడు.

ఈ సన్నటి నరాలు నిదానం కూడా. చలి నరాల్లో వేగంగా పోయేవి సెకనుకి సుమారు 5 నుంచి 30 మీటర్లు. అతి సన్నటివి ఒక మీటరు అటూఇటూ. స్పర్శ దానికంటే చాలా వేగం. ఏట్లో కాలు పెట్టగానే ముందు నీళ్లు తగిలినట్టు, ఆ తర్వాత జిల్లుమన్నట్టు తెలిసేది ఇందుకే కొంత.

రిటైర్డ్_పీఎమ్‌డబ్ల్యూ
చాలాసేపు చదువుతూ కూర్చున్నాను. నేను కుష్ఠు నివారణ విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను, శ్రీకాకుళం జిల్లా. డాక్టరుగారు చెప్పిన సన్నటి నరాల మాట మేం పుస్తకంలో కంటే ముందు ఊళ్లల్లో చూశాం. కుష్ఠు క్రిమి చల్లగా ఉండే చోట్లు వెతుక్కుంటుంది. చెవి తమ్మెలు, ముక్కు, మోచేతులు, చేతులు, కాళ్లు. మచ్చ మీద చాలాసార్లు ముందు పోయేది వేడీ చలీ తేడా, ఆ తర్వాతే నొప్పి, స్పర్శ.

అందుకని రెండు గాజు గొట్టాలు పెట్టుకునేవాళ్లం. ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చల్లనీళ్లు. మనిషిని కళ్లు మూసుకోమని, మంచి చర్మం మీద ఒకటి, మచ్చ మీద ఒకటి పెట్టి "ఏది" అని అడగాలి. మంచిచోట ఠక్కున చెప్తారు. మచ్చ మీద పెడితే ఆగుతారు. కొందరు ఊహించి చెప్తారు, అందుకే గొట్టాలు మార్చి మార్చి పెట్టాలి. నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు, మరీ వేడైతే అది నొప్పి పరీక్ష అయిపోతుంది. పొయ్యి దగ్గర చుట్ట కాల్చుకునేవాళ్ల వేళ్లు చూసేవాణ్ణి ముందు. కాలిన మచ్చలుండి, ఎప్పుడు కాలిందో తెలియదన్నారంటే రాసుకోవాల్సిందే.

తాటిముంజ
కుష్ఠు ఇంకా ఉందా? పోయింది అన్నారు కదా.

రిటైర్డ్_పీఎమ్‌డబ్ల్యూ
2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరి కంటే తగ్గిందని ప్రకటించారు. తగ్గడం వేరు, పోవడం వేరు. కొత్త కేసులు ఏటా వస్తూనే ఉన్నాయి. మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే నరం చచ్చిపోతుంది, అది తిరిగిరాదు.

గోదారిపిల్ల
నాన్నకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. సోడియం ఛానెల్ దగ్గర ఆపించి మళ్లీ చదవమన్నారు, "వాల్వు సరిగా మూసుకోవట్లేదన్నమాట" అని కాగితం మీద బొమ్మ గీసుకున్నారు. భయం తగ్గింది. డాక్టరుగారు ఈసారి 6 గంటలు ఎక్కించారు, గొంతు దాదాపు పట్టలేదు. వేళ్లు మామూలే. సిస్టర్‌గారూ, ఇది శాశ్వతంగా ఉండిపోతుందా?

డేకేర్_సిస్టర్
చలికి వచ్చే ఈ షాకు మందు ఆపాక తగ్గిపోతుంది. కానీ డోసులు పెరిగే కొద్దీ ఇంకో రకం తిమ్మిరి రావచ్చు, చలితో పనిలేకుండా ఎప్పుడూ ఉండేది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా, చెప్పు జారినా తెలియట్లేదా, రెండు డోసుల మధ్య కూడా తిమ్మిరి పోవట్లేదా అని గమనించి ప్రతిసారీ చెప్పండి. దాన్ని బట్టి డోసు తగ్గిస్తారు, ఆపుతారు. కీమో ఆగిపోతుందేమో అని దాచిపెట్టే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. మీ నాన్నగారు ఆ రకమైతే గుండీలు మీరే చూస్తూ ఉండండి.

కొత్తగా_చేరాను
ఇక్కడ అడగొచ్చో లేదో. మా అన్నయ్యకి మోచేతి కింద రాగిరంగు మచ్చ ఒకటి ఉంది, ఏడాది పైనే అయింది. తామర అని ఆయింట్‌మెంట్ రాస్తున్నాడు. దురద లేదు. పీఎమ్‌డబ్ల్యూ గారి పోస్టు చదివి ఇప్పుడే ఐసుగడ్డ పెట్టి చూశాను. పక్కన పెడితే చెయ్యి లాక్కున్నాడు, మచ్చ మీద పెడితే "పెట్టావా?" అన్నాడు.

రిటైర్డ్_పీఎమ్‌డబ్ల్యూ
అడగొచ్చు బాబూ. ఆయింట్‌మెంట్ ఆపి మీ పీహెచ్‌సీకి తీసుకెళ్లు. స్పర్శ లేని మచ్చ అని చెప్తే చాలు, వాళ్లకి తెలుసు. మోచేతి వెనక నరం ఉబ్బిందేమో చూస్తారు. చిటికెనవేలు వంకర తిరగడం, పట్టు తగ్గడం ఏమైనా ఉంటే అది కూడా చెప్పు. ఇంట్లో మిగతా అందరినీ ఒకసారి చూపించు. ఐసుతో మళ్లీ మళ్లీ పరీక్షలు చేయకు, తెలియని చర్మానికి దెబ్బ తగిలినా తెలియదు.

కొత్తగా_చేరాను
రేపు ఆదివారం. సోమవారం పొద్దున్నే ఓపీకి తీసుకెళ్తాను.